ఫోనెత్తే మనిషి లేడు

అమెరికాలో మేముండే చిన్న ఊళ్లో ప్రీస్కూల్ టీచర్‌గా చేరిన కొత్తలో, ఒక సాయంత్రం నాలుగేళ్ల ఎమిలీ ఇంటికి వెళ్లనని నా కాళ్లు పట్టేసుకుంది. వీపు మీద బెల్టు వాతలు. తీసుకెళ్లడానికొచ్చిన సవతి తండ్రి గుమ్మంలోనే ఉన్నాడు. “షూస్ వెతుకుతున్నాం, కూర్చోండి” అని చెప్పి, పాపను పక్కగదిలోకి తీసుకెళ్లి పిల్లల రక్షణ విభాగానికి ఫోన్ చేశాను. “మా సేవలు మారాయి, వెబ్‌సైట్ చూడండి” అంది రికార్డింగ్. వెబ్‌సైటేమో, అర్జెంటైతే అదే నంబరుకి ఫోన్ చేయమంది. కౌంటీ ఆఫీసుకి, అంటే మన జిల్లా ఆఫీసు లాంటిదానికి, ఫోన్ చేసి అడిగితే, “ఇప్పుడది మేం చూడటం లేదండీ” అన్నారు.

“ఇంకెంతసేపు?” అంటూ అతను తలుపు కొడుతున్నాడు. ఒళ్లు మండి పోలీసులకే ఫోన్ చేశాను. వాళ్లొచ్చేదాకా తలుపు తీయలేదు.

ఎమిలీ ఇప్పుడు అమ్మమ్మ దగ్గర క్షేమంగా ఉంది. మార్పులు ఎన్నైనా చేసుకోనివ్వండి, ఫోనెత్తడానికి ఒక్క మనిషినైనా ఉంచకపోతే ఎలా?

— సుధ, అమెరికా