మ్యాపులో పెట్టని బండలు

ఆదివారం పొద్దున్నే పిట్టల్ని చూడ్డానికి పోయే గుంపులో నేను చేరింది పిట్టల మీద ప్రేమతో కాదు, మోకాళ్ళ నొప్పులతో. డాక్టరమ్మ నడవమంది. తార్నాకలో మా కింది ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ జువాలజీ సారు, మాతో రాండి, నడిచినట్టే తెలీదు అన్నారు. నిజమే, తెలీలేదు. అసలు నడిస్తే కదా! క్యాంపస్‌లో నాలుగడుగులేసి, ఏదో చెట్టు కింద మెడలు పైకెత్తి నిలబడిపోతారు. అక్కణ్ణించి తిన్నగా చర్చికి పోయేదాన్ని. మట్టి చెప్పులతో వెనక బెంచీలో కూర్చుని పాస్టరుగారి చూపు తప్పించుకునేదాన్ని.

చూసిన పిట్టనల్లా అక్కడికక్కడే ఫోన్లో ఒక యాప్‌లోకి ఎక్కించాలి. ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు. దేశమంతా మామూలు జనం ఇలాగే ఎక్కిస్తారట, ఏ చోటు కాపాడాలో తేల్చేటప్పుడు ఆ లెక్కలు చూస్తారట. నేను కాకిని కూడా వదిలేదాన్ని కాదు. మా ఆయన నవ్వితే నవ్వాడులే అనుకునేదాన్ని.

ఒక్క చోటు మాత్రం ఎక్కించేవాళ్ళం కాదు. క్యాంపస్ గోడ అవతల పెద్ద బండలు, గడ్డి, తుమ్మచెట్లు ఉన్న జాగా అది. బండల నెర్రెలో కొమ్ముల గుడ్లగూబల జంట ఉండేది. తల మీద రెండు కుచ్చులు, నారింజ రంగు కళ్ళు. మొదటిసారి అది తల తిప్పి నావైపు చూసినప్పుడు మోకాళ్ళ నొప్పి మర్చిపోయాను. ఆ రోజు నుంచే నాకు పిట్టల పిచ్చి పట్టింది.

దీపావళి ముందర క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టుకుపోయేవాళ్ళు తిరుగుతుంటారు. కెమెరాలవాళ్ళు మరో రకం, ఒక్క ఫొటో కోసం గూటి దాకా ఎక్కేస్తారు. అందుకని సారు ఒక కట్టుబాటు పెట్టారు. బండల దగ్గరికి రాగానే ఫోన్లు సంచుల్లోకి పోవాలి. గుడ్లగూబే కాదు, అక్కడ కనబడిన ఏ పిట్టా యాప్‌లోకి ఎక్కకూడదు, కాగితం మీద కూడా రాయకూడదు. ఎక్కితే జనం అటు తిరుగుతారు. కొత్తవాళ్ళకు ఈ సంగతి నేనే చెప్పేదాన్ని, కాస్త గొప్పగానే.

నిరుడు ఆ జాగాలో పెద్ద కట్టడం వస్తోందని తెలిసింది. ఖాళీ జాగాల కోసం కొట్లాడే గుంపు ఒకటుంది. దాన్ని నడిపే వారాసిగూడ అమ్మాయి సారు ఇంటికి వచ్చింది, నేనూ అక్కడే ఉన్నాను. బండలు వదిలేసి పక్కకు జరిగి కట్టుకోమని, అనుమతులిచ్చే కమిటీని అడగబోతున్నారట. ఇన్నేళ్ళ మీ పిట్టల లెక్కలుంటే చాలు, గట్టిగా మాట్లాడొచ్చు అంది. సారు భార్య, మేడంగారు, పెట్టిన ఉగ్గాణి, అదే బొరుగుల తిరగమోత, ప్లేటు పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో మ్యాపు తెరిచింది. క్యాంపస్ నిండా చుక్కలు, అన్నీ మేం ఎక్కించినవే. గోడ అవతల ఏమీ లేదు.

"సార్, మ్యాప్‌ల చూస్తే గీడ ఒక్క పిట్ట కూడా లేనట్టే ఉన్నది," అంది.

సారు మొహం పాలిపోయింది. ఎందుకు ఎక్కించలేదో నేనే చెప్పాను. ఆ పిల్ల కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. గుడ్లగూబను ఒక్కదాన్ని దాచి మిగతావి పెట్టాల్సిందని మెల్లగా అంది. పాతవి ఇప్పుడైనా ఎక్కించొచ్చు, తేదీలుంటే చాలంది. తేదీలెక్కడివి? ఎక్కడా రాయకూడదన్నదే కదా మా కట్టుబాటు. ఉజ్జాయింపుగా వేసేద్దాం సార్, ఎవరొచ్చి అడుగుతారు అన్నాను. అందులో నాకు తప్పేమీ కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

సారు తల అడ్డంగా ఊపారు.

"చూసింది నిజమేనమ్మా. దానికి దొంగ తేదీ నేను వేయలేను. ఇన్నేండ్లు పిల్లోళ్ళకు ఇదే కదా చెప్తా వచ్చినాను."

కమిటీ ముందు సారు అంతా నోటితోనే చెప్పారు. వాళ్ళు మర్యాదగానే విన్నారు, టీ కూడా ఇచ్చారు. చివర్న ఒకాయన మ్యాపు చూపించి, గోడకు ఇవతల కాకుల్ని కూడా వదలకుండా రాసినవాళ్ళు, అవతల పిట్టలుంటే రాయకుండా ఉంటారా అని అడిగాడు. సారు చెప్పిన కారణం ఆయనకు అప్పటికప్పుడు అల్లిన కథలా అనిపించినట్టుంది.

బండలు పగిలే చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. నాకు ఒళ్ళు మండిపోయేది, కమిటీ మీదా, సారు నిజాయితీ మీదా, మా అతితెలివి మీదా. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల దగ్గర గుడ్లగూబ కనబడిందని ఎవరో అంటే పరిగెత్తాను. ఏమీ లేదు. సారు నడకకు రావడం మానేశారు.

మొన్నొక ఆదివారం ఆయన మెడలో బైనాక్యులర్స్ వేసుకుని మా మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. చెప్పులేసుకుని వెంట నడిచాను. గోడ అవతల రేకుల కంచె, లోపల చదును చేసిన మట్టి, పైకి లేచిన ఇనపచువ్వలు. సారు కాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చారు. కనబడింది ఎక్కించమన్నారు.

కొత్త చోటు అని నొక్కాను. తేదీ, టైము వాటంతటవే పడ్డాయి. చువ్వల మీద పావురాలు కూర్చుని ఉన్నాయి. లెక్కపెట్టి ఎక్కించాను. ఆ జాగాలో మా గుంపు చూసిన మొదటి పిట్టలు అవేనని ఇప్పుడు మ్యాపులో ఉంది.