నీళ్లకు నిలవని పట్టా

ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి సర్టిఫికెట్లు నేను అనుమానంగా తిప్పి చూస్తుంటే, ఆమె కలంకారీ చున్నీ నుంచి కరక్కాయ, పాల వాసన వచ్చింది. శ్రీకాళహస్తిలో మా ఇంటి వాసన అది.

మా మేనత్త బి.ఏ. చదివి కూడా నాయన పక్కనే కూర్చుని కరక్కాయ, పాలల్లో నానేసిన గుడ్డలమీద కలంకారీ బొమ్మలు వేసేది. నిజంగా చదివుంటే ఆఫీసులో ఫ్యాను కింద ఉండాలి కదా! ఆమె పట్టా దొంగదని ఎనిమిదేళ్ల నాకు గట్టి అనుమానం.

"నిజమైన నలుపు ఏట్లో ఎంత ఉతికినా పోదు పాపా," అనేవాడు నాయన.

ఒకరోజు పెట్టెలోంచి పట్టా తీసి బకెట్లో ముంచాను. సిరాతో రాసిన అత్త పేరు కరిగి, నీలంగా కారిపోయింది.

"సూడు నాయనా, దొంగదే!"

నాయన చెయ్యెత్తాడు. అత్త అడ్డొచ్చింది.

"వద్దన్నా, కొట్టాకు. నాకూ శానా దినాలుగా అదే అనుమానం ఉండాది."

తడి కాగితాన్ని తను బొమ్మలేసిన గుడ్డల పక్కనే ఆరేసింది.

అప్పుడు అత్త గుడ్డమీద గీసిన నెమలి మా గోడమీద ఇవాళ్టికీ నల్లగానే ఉంది. నేను మాత్రం నా పట్టాకు చుక్క నీరు తగలకుండా ఏనాడో లామినేషన్ చేయించుకున్నాను.