బాపు చెప్పగా నేను బిగించిన సీల్

మొన్న నిజామాబాద్‌లో మోటారు సామాన్ల దుకాణం ముందు ఆటో కోసం నిలబడి ఉంటే, లోపల ఎవరో కొత్త ఆయిల్ సీల్ పొట్లం విప్పారు. ఆ నల్లటి రబ్బరు చుట్టు చూడగానే మనసు బోధన్ రోడ్డు మీది మా బాపు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు పోయింది.

మా ఆయన పోయాక పిల్లలతో పుట్టింటికి వచ్చి, ఏ పనీ తోచక, షెడ్డు కౌంటరు దగ్గర కూర్చునే రోజులవి. చెరుకు సీజను ఊపు మీదుంది. బాపుకు కంటి ఆపరేషనై పట్టీ కట్టారు. బాపుతో పని చేసే అన్నేమో వదిన కాన్పుకని దవాఖానలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే, కోస్తా నుంచి వచ్చి వర్ని ఊరి దిక్కు కాలువ కింద సేద్యం చేసుకుంటున్న ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. ఇంజను విప్పి కట్టించాక, దాని ముందు వైపు సీల్ ఎన్నిసార్లు మార్చినా నూనె కారుతూనే ఉందట.

"నరికిన చెరుకు చేలోనే ఎండిపోతోందండీ, ఎలాగైనా చూడండి" అని బతిమాలాడు.

బాపు కుర్చీ ఇంజను పక్కకు జరిపించుకున్నాడు. "బిడ్డా, నువ్వు విప్పు. నేను చెప్త."

"నాతోని కాదు బాపు."

"నాకు పని యాదికున్నది, నీకు కండ్లున్నయి. కానియ్యి."

పాత సీల్ ఊడదీశాక దాని మధ్యలో తిరిగే షాఫ్టు మీద గోరుతో గీయమన్నాడు. ఒకచోట గోరు ఆగింది. చెప్పగానే బాపు ముఖం వెలిగింది.

"గదే! సీల్ రాసుకొని రాసుకొని గాడి పడ్డది. కొత్తది గూడ గాడిలనే కూసుంటున్నది, గందుకే కారుతున్నది. గీసారి గాడి మీద పడకుండ జర ఇవతలనే ఆపు."

సీల్ కూర్చునే గూడు శుభ్రంగా తుడిపించి, షాఫ్టును పట్టుకునే లోపలి అంచుకు నూనె రాయించి, స్ప్రింగున్న ముఖం ఇంజను లోపలి వైపుకే ఉందా అని తానే వేళ్లతో తడిమి చూశాడు. షాఫ్టు కొసన ఉండే గాటు తగిలి ఆ అంచు తెగకుండా పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టించాడు. చెక్క ముక్క అడ్డం పెట్టి, చుట్టూ సమానంగా దిగేటట్టు మెల్లగా కొట్టాను. ఆయన పక్కనుంచి "జల్ది లేదు బిడ్డా" అంటూనే ఉన్నాడు.

ఇంజను నడిపి, కింద కాగితం పరిచి చూశాం. బాగా వేడెక్కినా ఒక్క చుక్క పడలేదు. రైతు నాకు దండం పెట్టబోతే సిగ్గుతో పక్కకు జరిగాను.

"రేపటి సంది కౌంటరు కాడ గాదు, ఈడ కూసో" అన్నాడు బాపు.

ఆ ఒక్క మాటతో నా బతుకు దారిన పడింది. అన్నతో సమానంగా ఏళ్ల తరబడి ఇంజన్లు విప్పాను, కట్టాను, పిల్లలను పెంచుకున్నాను.

ఇప్పుడు బాపు లేడు, షెడ్డూ లేదు. సీజను వచ్చిందంటే చెరుకు బండ్ల వరుసలతో కదలని ఆ రోడ్డు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చేలన్నీ వరి అయ్యాయి, కార్లు ఆగకుండా పోతున్నాయి. అంతా తొందరే. ఒకరి పక్కన కూర్చొని, చెయ్యి కుదిరేదాకా ఓపికగా పని నేర్పే తీరిక ఉన్న కాలంలో, అంతటి తండ్రి కడుపున పుట్టినందుకు ఇప్పటికీ లోలోపల దండం పెట్టుకుంటాను.