ఎడమవైపు రాయి

మైకమ్మకి ఈత రాదు. ఈ సంగతి ఆవిడే రోజూ పడవ ఎక్కించే ముందు ప్రయాణికులకి చెప్పేది.

"నాకు ఈత రాదండీ. కాబట్టి మీకంటే ముందు భయపడాల్సింది నేను. నేను భయపడట్లేదు, చూశారుగా! ఎక్కండి, ఎక్కండి."

జనం నవ్వేవాళ్ళు. నవ్వుతూ ఎక్కి, ఆవిడ చూపించిన చోట కూర్చునేవాళ్ళు. నవ్వే మనిషి చెప్పిన మాట వింటాడు, బెదిరిన మనిషి లేచి అటూ ఇటూ తిరుగుతాడు. ఆవిడ వృత్తి అంతా ఈ ఒక్క ఎరుక మీద నడిచింది.

సొంత పేరు ఒకటుంది గానీ రేవులో దాన్ని పలికేవాళ్ళు లేరు. వయసులో ఉన్నప్పుడు బట్టల కొట్టు గుమ్మంలో నిలబడి మైకులో జనాన్ని లోపలికి పిలిచే పని చేసింది. మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకున్నాక, ఐసు ఫ్యాక్టరీ వెనకున్న అక్క ఇంటికి చేరింది. రెండు గదుల ఇల్లు. ఫ్యాక్టరీ వైపు గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటుంది. అక్క విహారయాత్రల కంపెనీ వాళ్ళ యూనిఫారాలు ఇస్త్రీ చేస్తుంది. బావ అదే కంపెనీ పడవకి సరంగు, అంటే చుక్కాని పట్టేవాడు. మరదలి నోరు చూసి కంపెనీలో చేర్పించింది ఆయనే. "ఇంట్లో ఈ నోటికి పని లేక మా చెవులు చిల్లులు పడుతున్నాయి, మీరన్నా వాడుకోండి," అని చెప్పి మరీ చేర్పించాడు.

యాత్ర ఒక్కరోజుదే. పొద్దున్నే హోటళ్ళ ముందు జనాన్ని బస్సులో ఎక్కించుకోవడం, దీపస్తంభం మెట్లు ఎక్కించి దింపడం, చేపల రేవు, గవ్వల బజారు చూపించడం, భోజనాలయ్యాక పడవ. పడవ కొండ మలుపు తిరిగితే సముద్రంలో నిలబడిన రాతి ద్వారం కనబడుతుంది. నీళ్ళు తొలిచిన కమాను అది. దాన్ని చూడటానికే అందరూ వచ్చేది. అది కుడివైపున ఉంటుంది. ఎడమవైపున ఏమీ లేదు, ఒక నల్లరాయి తప్ప.

ఆ నల్లరాయికి ప్రాణం పోసింది మైకమ్మకి పని నేర్పిన ముసలావిడ. రేవంతా ఆవిణ్ణి పెద్దమ్మ అనేవాళ్ళు. మొదటి రోజే పెద్దమ్మ మైకమ్మని పక్కకి లాగి చెప్పింది.

"ద్వారం కనబడగానే జనమంతా కుడివైపుకి ఎగబడతారే. అలా ఎగబడితే పడవ ఒరుగుతుంది. వద్దని అరిస్తే బెదురుతారు, బెదిరితే ఇంకా ఎగబడతారు. అందుకే ఎడమవైపు వాళ్ళకి వేరే తమాషా చూపించాలి. లేకపోతే నువ్వే పుట్టించాలి."

అలా పుట్టింది అత్తగారి రాయి. కోడలు వంటలో ఉప్పు మరిచిపోయిందని అలిగి, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చుని, అలాగే రాయైపోయిన అత్తగారట. మైకమ్మ నోట్లో పడ్డాక ఆ కథకి కాళ్ళొచ్చాయి. "ఎడమవైపు కూర్చున్న కోడళ్ళందరూ ఇటు చూడండమ్మా! అదిగో ఆ మూతి! చూశారా, ఎక్కడో చూసినట్టు లేదూ?" కోడళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. అత్తగార్లు కోపంగా అయినా సరే అటే చూసేవాళ్ళు. సగం మంది ద్వారం వైపు, సగం మంది రాయి వైపు. అప్పుడు బావ పడవని నిదానంగా తిప్పేవాడు. ఇప్పుడు ద్వారం ఎడమవైపు, రాయి కుడివైపు. కూర్చున్న చోటు కదలకుండానే రాయి చూసినవాళ్ళకి ద్వారం, ద్వారం చూసినవాళ్ళకి రాయి. ఇదంతా ఎందుకో పెద్దమ్మకి, మైకమ్మకి, బావకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే జనం నవ్వరు మరి. ఆఫీసుకి చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండానే కన్నుమూసింది.

పడవకి పై అంతస్తు వచ్చాక రోజులు మారాయి.

పక్క రేవులో ఎవరో రెండంతస్తుల పడవ దించారని, మనమెందుకు తగ్గాలని కంపెనీ పైవాళ్ళు అనుకున్నారు. పాత పడవ మీదే ఇనప రాటలు దింపి, పైన రంగురంగుల కుర్చీలు వేసి, టార్పాలిన్ కప్పారు. పడవలు తనిఖీ చేసే అధికారి వచ్చి చూశాడు. రేవులో, కట్టేసి ఉండగా, ఖాళీగా చూశాడు. కట్టేసిన ఖాళీ పడవ ఎక్కడైనా ఒరుగుతుందా? బాగుందని టీ తాగి వెళ్ళాడు. లైఫ్ జాకెట్లు వేసుకుంటే ఫోటోలు బాగా రావట్లేదని ప్రయాణికులు గొణుగుతున్నారని, వాటిని ఒక పెట్టెలో పెట్టి మూత మీద కూల్‌డ్రింకుల డబ్బాలు పేర్చారు.

పై అంతస్తుతో మొదటిసారి తిరిగొచ్చిన సాయంత్రం బావ చుక్కాని గదిలోంచి బయటికి రాలేదు. మైకమ్మ టీ గ్లాసు పట్టుకుని వెళ్ళింది.

"ఏంటి బావా, చుక్కానిని పెళ్ళాడేశావా? అక్క ఇంట్లో ఎదురు చూస్తోంది."

ఆయన నవ్వలేదు. అద్దం పక్క మేకుకి దారంతో వేలాడుతున్న తాళంచెవిని చూపించాడు. "ఇది చూడు. పడవ ఒరిగితే ఇది పక్కకి జరుగుతుంది. లేచినప్పుడు దీని చోటికి ఇది వచ్చేస్తుంది. ఇన్నేళ్ళుగా దీన్నే చూస్తున్నాను."

"అయితే?"

"ఇవాళ పక్కకి వెళ్ళి అక్కడే ఆగింది. పడవ లేవాలా వద్దా అని ఆలోచించింది మరదలా. పడవ ఆలోచించకూడదు."

మైకమ్మ టీ గ్లాసు అక్కడ పెట్టింది. అది కొంచెం జారింది. ఇద్దరూ ఆ గ్లాసునే చూశారు.

"మేనేజరుకి చెప్పు."

"చెప్పాను. 'సరంగు గారూ, ఇలాంటి మాటలు కస్టమర్ల ముందు అనకండి' అన్నాడు. కస్టమర్లు లేరు కదా సార్ అన్నాను. 'గోడలకి చెవులుంటాయి' అన్నాడు."

మేనేజరు దుర్మార్గుడేం కాదు. ఆయన పైన ఇంకొకాయన, ఆయన పైన మరొకాయన. అందరూ కింద ఉన్నవాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డవాళ్ళే. అందరికంటే కింద ఉన్నది సముద్రం. దాని భుజం మీద చెయ్యి వేయడం ఎవరివల్లా కాదు. ఎక్కడైనా పడవ బోల్తా పడితే మర్నాడు పేపర్లో సరంగు నిర్లక్ష్యం అని వస్తుంది. పై అంతస్తు వేయించిన వాళ్ళ పేరు వెతికినా దొరకదు.

మైకమ్మ చేయగలిగింది ఒకటే, ఇంకా గట్టిగా చెప్పడం. పైన కూర్చున్నవాళ్ళకి వినబడాలని మెట్ల మధ్యలో నిలబడి, తల పైకెత్తి, అత్తగారి రాయి గురించి అరిచి మరీ చెప్పింది. వర్షాకాలం వెళ్ళేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. మాట్లాడకుండా ఉండకపోతే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరు చెప్పాడు.

మేనేజరు ఎంతో దయగా పిలిచాడు. "మైకమ్మ గారూ, మీ మంచికే చెబుతున్నా. ఉన్న గొంతుతో ఒక్కసారి అంతా రికార్డు చేసేద్దాం. ఇక రోజూ అరవక్కర్లేదు. పడవలో ఊరికే నిలబడండి చాలు."

ఆవిడకి నిజంగానే సంతోషం కలిగింది. వారం రోజులు ఇంట్లో సైగలతో గడిపింది. "ఈ ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదు," అని అక్క దిష్టి తీసినంత పని చేసింది. తర్వాత ఆఫీసు సామాన్ల గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, వేడినీళ్ళు తాగుతూ, ఈత రాదన్న మాట నుంచి వీడ్కోలు దాకా మొత్తం చెప్పింది. మంచి రోజుల గొంతు పలికింది, ఆ ఒక్కసారికే.

రికార్డు మోగిన మొదటి రోజు గాలి ఉంది. పై అంతస్తు నిండిపోయింది. మైకమ్మ కింద ఎడమవైపు బల్ల దగ్గర నిలబడి తన గొంతు తనే వింటూ మురిసిపోయింది. కొండ మలుపు తిరిగింది. "అదిగో కుడివైపు, రాతి ద్వారం!" అంది స్పీకరు. జనం లేచారు. ఆవిడ రాయి కోసం ఎదురుచూసింది. 'ఎడమవైపు కోడళ్ళందరూ' అనే మాట ఇప్పుడు రావాలి.

రాలేదు.

"ఇంకా దగ్గరికి రండి, ఫోటోలు తీసుకోండి, మళ్ళీ మళ్ళీ దొరకదు ఈ దృశ్యం!" అంది ఆవిడ గొంతే.

రాయి కథని కత్తిరించేశారు. ఎడమవైపు ఏముందో అనుకుంటే మామూలు బండ చూపించి మోసం చేశారని ఎవరో కంపెనీకి ఫిర్యాదు రాశారట. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం ఎందుకని మేనేజరు తీసేయించాడు. ఆయన ఉద్దేశంలో అది నిజాయితీ.

కిందవాళ్ళు, పైవాళ్ళు అందరూ కుడివైపుకి వెళ్ళారు. మైకమ్మ కాళ్ళకింద పలక పైకి లేచింది. పెట్టె మీది డబ్బాలు దొర్లుకుంటూ పోయాయి. పిల్లలు ఉయ్యాల ఎక్కినట్టు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళూ నవ్వారు. చుక్కాని గది అద్దంలోంచి ఆవిడకి తాళంచెవి కనబడింది. పక్కకి వెళ్ళి ఆగిపోయింది. దాని పక్కనే బావ మొహం.

"ఇటు రండి!" అని అరిచింది మైకమ్మ. బొంగురు గాలి వచ్చింది గానీ మాట రాలేదు. నెత్తిమీద స్పీకరులో ఆవిడే హాయిగా కబుర్లు చెబుతోంది. తన గొంతుని మించి అరవడానికి తనకి గొంతు లేదు. కుడివైపు అంచు మీదుగా నీళ్ళు లోపలికి వచ్చి ఎవరివో చెప్పులు తడిపాయి.

అప్పుడు ఆవిడ పెద్దమ్మ మాట ప్రకారం తమాషా పుట్టించింది. ఎడమవైపు బల్ల మీద నిలువునా పడిపోయి కాళ్ళు చేతులు కొట్టుకుంది.

"మా మరదలు! మా మరదలు పోతోంది, పట్టుకోండి!" అని బావ గావుకేక పెట్టాడు. ఆయనకి సంగతి అర్థమైందో, నిజంగానే భయపడ్డాడో ఆవిడకి తర్వాత కూడా తెలియలేదు. దగ్గరున్నవాళ్ళు అటునుంచి ఇటు పరిగెత్తారు. పైవాళ్ళు ఎడమవైపు కమ్మీ మీంచి తొంగిచూశారు. పడవ ఆలోచించి, ఆలోచించి, లేచింది.

ఒడ్డుకి చేరాక ఎవరికీ ఏమీ జరిగినట్టు అనిపించలేదు. ఒకామె మూర్ఛపోయిందన్నదే వాళ్ళు ఇళ్ళకి తీసుకెళ్ళిన వార్త.

మేనేజరు గదిలో మైకమ్మ అంతా చెప్పింది, పెద్దమ్మ దగ్గర్నుంచి. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే, ఇన్నేళ్ళుగా పడవని నిలబెడుతున్నది అత్తగారి కథ అంటారు."

"అవును సార్."

"ఈ మాట నేను పైకి రాయమంటారా?" ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "మీ ఆరోగ్యం బాగాలేదు. ఇంట్లో ఉండండి. రికార్డు ఉందిగా, ఇబ్బంది లేదు."

"నా గొంతు నాకు ఇచ్చెయ్యండి సార్."

"అది కంపెనీది కదమ్మా."

ఆ సాయంత్రం అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి మొగుడి ముందు నిలబడింది. "రేపు వెళ్ళకు."

"నేను దిగితే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. వాడికి తాళంచెవి చూడటం తెలియదు."

"చూసి నువ్వు చేసేదేముంది?"

బావ అన్నాడు. "ముందు తెలుస్తుంది."

మర్నాడు మధ్యాహ్నం మైకమ్మ రేవుకి వెళ్ళింది. పొద్దుటికంటే గాలి పెరిగింది. పడవ ఎక్కే చెక్క దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మనిషి చెయ్యి పట్టుకుంది. "పైకి ఎక్కొద్దండీ. ద్వారం దగ్గర అందరూ ఒకవైపుకి వెళ్ళొద్దండీ." ఆ బొంగురు గొంతు చెవి దగ్గరికి వచ్చి చెబితే తప్ప వినబడదు. స్పీకరు మాత్రం రేవంతా మోగుతోంది. "నాకు ఈత రాదండీ! మీకంటే ముందు భయపడాల్సింది నేను. నేను భయపడట్లేదు, చూశారుగా!" జనం నవ్వుకుంటూ ఎక్కుతున్నారు.

"ఆ గొంతు నాదేనమ్మా," అంది మైకమ్మ, మనవరాలిని ఎత్తుకున్న ఒకావిడతో.

"అలాగే తల్లీ," అని ఆవిడ జాలిగా తప్పుకుని, పై మెట్లెక్కింది.

ఒక పెద్దాయన మాత్రం ఆగి, పై అంతస్తుని, సముద్రాన్ని చూసి, భార్యతో "మనం బస్సులో కూర్చుందాం పద," అన్నాడు. వాళ్ళిద్దరే వెనక్కి వెళ్ళారు. కాపలావాడు వచ్చి మైకమ్మ భుజం పట్టుకున్నాడు. "పక్కకి రా అమ్మా. నా ఉద్యోగం తీయకు." ఆ మాటకి ఆవిడ పక్కకి జరిగింది. ఎవరి ఉద్యోగమూ తీయడం ఆవిడకి చేతకాదు. అందరూ అంతే, అందుకే పడవ కదిలింది.

చుక్కాని గది కిటికీలోంచి బావ ఒకసారి చెయ్యి ఊపాడు. పడవ చిన్నదై, కొండ మలుపు దగ్గరికి వెళ్ళింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆవిడ గొంతు ఆవిడకే ముక్కలుముక్కలుగా వినబడింది. తర్వాత మలుపు దాన్ని మింగేసింది.

ఇస్త్రీ బట్టల మూట చంకలో పెట్టుకుని అక్క వచ్చింది. ఆఫీసులో ఇవ్వాల్సిన మూట అది. ఇవ్వకుండానే రేవు చివరికి వచ్చి చెల్లెలి పక్కన నిలబడింది. "ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందే?"

"ద్వారం కనబడుతూ ఉంటుంది."

ఇద్దరూ నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయారు.

"ఏమిటే అలా వంగిపోతున్నావు, పడతావు!" అంది అక్క ఉన్నట్టుండి.

మైకమ్మ అప్పుడు చూసుకుంది. తన ఒళ్ళంతా ఎడమవైపుకి ఒరిగిపోయి ఉంది, ఒంటికాలి మీద బరువంతా మోపి. సర్దుకోలేదు. అక్క చెయ్యి పట్టి తన ఎడమ పక్కకి లాక్కుంది.

"నువ్వు కూడా ఇటు రా," అంది.