దిడ్డవ్వ నీళ్ళు

దయ్యాలు, గియ్యాలు అనేటోళ్ళను చూసి నవ్విన మనిషిని నేను. బడిల సోషల్ చెప్త. కాయితం మీదనో రాయి మీదనో లేనిది లేనట్టే అని నా మొండితనం. గందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే జర సిగ్గనిపిస్తది.

పాలమూరు దిక్కు మాది చిన్న ఊరు. పక్కన గుట్ట మీద ఎనకటి రాజుల కోట. ఇప్పుడు రెండు బురుజులు, ఒక పెద్ద దర్వాజ, ఎండిపోయిన బావి మిగిలినయి. మా ఊర్ల పెండ్లయితే తొలి బిందె నీళ్ళు కోట దిక్కు తిరిగి, “దిడ్డవ్వా, తాగు” అని నేల మీద పోస్తరు. ఎందుకో చానమందికి తెల్వది.

తెలంగాణ వచ్చినంక ఊరి చరిత్ర రాయమని ఊరోళ్ళు నన్నడిగిన్రు. రాసిన. కోటకు ఒక్కటే దర్వాజ అని రాసిన. ‘దిడ్డవ్వ’ అన్న మాట తప్పు, అది ‘దొడ్డవ్వ’ అయ్యుంటది, అంటే పెద్దమ్మ అని తెలివి చూపిచ్చి దిద్దిన గూడ.

చదివి వినిపిస్తే మా బాపు మండిపడ్డడు. పడమటి గోడకు దిడ్డి ఉన్నదట, మనిషి వంగి పోయేటంత చిన్న దర్వాజ. శత్రువులు కోటను చుట్టుముట్టి నీళ్ళు బందు పెడితే, ఊరామె ఒకతి ఆ దిడ్డిల నుంచి లోపలోళ్ళకు కుండలతోని నీళ్ళు మోసిందట. దొరికినంక ఆమెను కట్టేసి, చుక్క నీళ్ళియ్యక చంపిన్రట. ఆమెనే దిడ్డవ్వ అని వాళ్ళ అవ్వ తనకు చెప్పిందన్నడు.

నేను గోడంతా నాలుగుసార్లు తిరిగిన, దిడ్డి లేదు గిడ్డి లేదు అని నవ్విన. బాపు అన్నం సగమే తిని లేచిండు.

తెల్లారి బాపు మంచంల లేడు. చేను కాడికి పోయిండనుకున్నం. పొద్దు నెత్తి మీదికొచ్చినా రాకపాయె. అప్పుడు చూసిన, చూర్ల కొడవలి లేదు. నాకు దిడ్డి చూపియ్యనీకె కంప కొట్టబోయిండని సమజైంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండ, ఎనభై ఏండ్ల ముసలాయన. ఉరుక్కుంట గుట్టెక్కిన.

పెద్ద దర్వాజ కాడ ఒకామె కూసోనుంది. నడీడు మనిషి, నెత్తి మీద కుండ పెట్టుకునే సుట్టబట్ట, పక్కన మట్టి కుండ. మేకలు కాసేటామె అనుకున్న. నేను అడగకముందే చెప్పింది:

“మీ బాపు దిడ్డి కాడ ఉన్నడు. నీళ్ళు తాపిన. జల్ది పో.”

దండం గూడ పెట్టకుండ ఉరికిన.

పడమటి గోడ కాడ ముండ్లకంప కొత్తగ కొట్టేసుంది. దాని ఎనక నడుమెత్తు దర్వాజ. నేను నాలుగుసార్లు చూసి చూడనిది. బాపు ఆ నీడల ఒరిగిపోయి ఉన్నడు, మాట లేదు. పెదవులు, అంగి ముందటి భాగం తడిగ ఉన్నయి.

వీపు మీదేసుకొని వచ్చేటప్పుడు పెద్ద దర్వాజ కాడ ఎవలు లేరు. దవాఖానల డాక్టరు, కడుపుల నీళ్ళు పడబట్టి గని లేకుంటే దక్కకపోతుండె అన్నడు. తర్వాత ఊరూరు తిరిగి అడిగిన. మేకలోళ్ళు ఆ దినం గుట్టెక్కనే లేదన్నరు. అసొంటి ఆమెను ఎవలు ఎరుగరు. గుట్ట మీద నీటి చుక్క లేదు.

బాపు కండ్లు తెరిచి మొదలు అడిగింది ఇదే: “నాకు తాపింది గద, ఆమె తాగిందా? నువ్వడిగినవా?”

అడగలే. నాకు ఏడుపొచ్చింది.

పుస్తకంల దిడ్డవ్వ అని మల్ల దిద్దిన, దిడ్డిని గూడ రాసిన. ఆమె సంగతి మాత్రం రాయలే. ఏమని రాస్త? బాపు ఇంకా ఉన్నడు. ఎవలన్న కోట సంగతడిగితే, “మా సారుకు తెలుసు” అని నన్ను ఎక్కిరిస్తడు.

నాకేం తెల్వది. ఇప్పటికీ తెల్వది. గని ఊర్ల పెండ్లయితే తొలి బిందె నేనే ఎత్తుకుంట. నీళ్ళు పోసినంక అందరు “తాగు” అని ఇంట్లకు మర్లుతరు. నేను జరసేపు ఆడనే నిలబడి, “తాగినవా అవ్వా?” అని అడుగుత.