బ్లౌజు దారంతో కుట్టిన బెల్టు

మా మామగారికి స్టూలెక్కాలంటే భయం. ఇంట్లో బల్బు మార్చాల్సి వస్తే "నడుం పట్టేసిందమ్మాయ్" అంటూ కుర్చీలో ఇంకాస్త వెనక్కి సర్దుకుంటారు. బల్బు నేనే మారుస్తాను. ఆయన కింద కూర్చుని "జాగ్రత్త, జాగ్రత్త" అంటుంటారు. అలాంటి మనిషి ఇరవై ఆరేళ్లుగా పెద్ద పెద్ద మేడల బయటి గోడలకు, తాళ్లకు వేలాడే పలక మీద కూర్చుని రంగులేస్తున్నారు. తోటివాళ్లు ఆయన్ని బల్లి మేస్త్రీ అంటారు. ఆ పేరంటే ఆయనకు మహా మురిపెం.

"పైన భయం వెయ్యదా మామయ్యా?" అని ఒకసారి అడిగాను.

"అక్కడ చేతిలో బ్రష్షుంటుంది కదా" అన్నారు. ఇందులో అర్థం ఏముందో నన్నడక్కండి. ఎనిమిదేళ్లు వెతికి మానేశాను.

మా ముందు గదిలో నా కుట్టు మిషను ఉంది. ఐదు నెలల కిందట ఆయన తన సేఫ్టీ బెల్టు తెచ్చి దాని మీద పెట్టారు. పలక జారినా మనిషి కింద పడకుండా తాడుకు పట్టి ఉంచేది ఆ బెల్టే. భుజం పట్టీ దగ్గర కుట్టు ఊడిపోయింది.

"కాంట్రాక్టరుగారు నిన్ను కుట్టమన్నారు. ఇంట్లో మిషనుండగా కొత్తదెందుకు మేస్త్రీ అన్నారు."

నాకూ గొప్పగానే అనిపించింది. రెండు వరసలు కుట్టి, దారం పంటితో తెంపి ఇచ్చాను. మర్నాడు ఆయన దాన్ని కొత్త చొక్కాలా తొడుక్కుని వెళ్లి, "మా కోడలి కుట్టు, చూడండి" అని అంతస్తు అంతస్తుకూ చెప్పుకొచ్చారు. ఆ మాట కాంట్రాక్టరు చెవిన పడింది. పోయిన నెల ఒక గోనె సంచి నిండా ఇంకో ఆరు బెల్టులు పంపించాడు. అవి నా దగ్గరుంటే ఆ ఆరుగురూ ఏం కట్టుకుని పైకెక్కారని మీరడగొచ్చు. ఏమీ కట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బెల్టు కుట్టి, అలవాటుగా దారం పంటితో తెంపాను. దాని పక్కనే ఫ్యాక్టరీ వాళ్ల కుట్టుంది. ఎందుకో దాన్నీ కొరికి చూశాను. పళ్లు కదిలాయి గానీ దారం కదల్లేదు.

పదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. చంక దగ్గర ఊడిందని నాతో గొడవపడ్డవాళ్లున్నారు గానీ, ఊడితే ప్రాణం పోయే బట్ట నేనెప్పుడూ కుట్టలేదు. వెంటనే అత్తయ్యను పిలిచాను. వరండాలో మిగిలిన ఇసుక బస్తాను ఇద్దరం ఈడ్చుకొచ్చి స్టూలు మీదికి ఎక్కించాం. బెల్టును దానికి కట్టి, రెండో కొసను దూలానికున్న ఇనుప కొక్కేనికి తగిలించాను.

"ఏంటే ఇదంతా?" అన్నారు అత్తయ్య.

"ఇది మామయ్య అనుకోండి అత్తయ్యా. పడేసి చూద్దాం."

"ఆయన ఇంకాస్త బరువు" అన్నారావిడ.

బస్తాను తోశాను. నా కుట్టు బర్రుమని విడిపోయింది. బస్తా పగిలి ఇసుక గదంతా పరుచుకుంది. అత్తయ్య నవ్వబోయి ఆగిపోయారు. ఆ పూట మామగారు నేను కుట్టిన బెల్టే తొడుక్కుని ఏడో అంతస్తు దగ్గర ఉన్నారు.

సంచీ, కత్తెరా పట్టుకుని ఆటో ఎక్కాను.

ఆ మేడ కిందే కాంట్రాక్టరు గది. గోడ మీద 'భద్రతే మన బలం' అని బారెడు అక్షరాలు. అవి కూడా మా మామగారే రాసుంటారు.

"ముందు మా మామయ్యను కిందికి దింపండి సార్" అన్నాను.

కబురందుకుని మామగారు చేతులు తుడుచుకుంటూ కిందికి వచ్చారు. "టిఫిన్ డబ్బా మర్చిపోయానా అమ్మాయ్?"

ఇసుక బస్తా సంగతి చెప్పాను. కాంట్రాక్టరు తేలిగ్గా నవ్వేశాడు. "ఇంకా గట్టి దారం తెప్పిస్తాలేమ్మా."

నాకు ఒళ్లు మండింది. "దారం సంగతి కాదు సార్. వీళ్లను పైకెక్కిస్తున్నది మీరు. మంచి బెల్టు కొనివ్వాల్సిందీ, రోజూ చూసుకోవాల్సిందీ, పాడైతే పక్కన పడేయాల్సిందీ మీరే. నేను జాకెట్లు కుట్టేదాన్ని."

"ఇన్నేళ్లలో ఎవరన్నా పడ్డారా? మీ మామయ్యనే అడుగు."

మామగారు ఏమంటారో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్లలో ఆ మనిషి ముందు ఆయన ఎదురుచెప్పిన పాపాన పోలేదు. అందుకే అడగలేదు. ఆరు బెల్టులూ కాంట్రాక్టరు బల్ల మీదే వరసగా కోసేశాను.

కాంట్రాక్టరు మొహం మాడిపోయింది. "మీ కోడలికి చెప్పుకో మేస్త్రీ. రేపణ్నించి పని లేకపోతే నన్ననకు."

రంగులెయ్యడం తప్ప మామయ్యకు మరో పని రాదు. ఆ పని పోతే తప్పు నాదే.

మామగారు ఒంటి మీది బెల్టు మెల్లగా విప్పి, నా కుట్టును వేలితో ఒకసారి తడిమారు. "అమ్మాయి చక్కగానే కుట్టింది సార్. అడిగిన మనదే తప్పు" అన్నారు. పట్టీని రెండు చేతులతో నా ముందు బిగలాగి పట్టుకున్నారు.

"కొయ్యమ్మా."

కత్తెర రెండుసార్లు జారింది. మూడోసారి తెగింది. కాంట్రాక్టరు కొత్త బెల్టులు కొనిచ్చేదాకా ఏడుగురిలో ఒక్కరూ పైకెక్కలేదు. ఆ వారమంతా ఆ గోడ సగం రంగుతోనే ఉంది.