పదహారు నిమిషాల కార్డు

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఇది మాటవరసకు అనడం లేదు, రుజువుంది. పెళ్ళయిన కొత్తలో అంగలకుదురులో ఒక ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని పుకారు పుట్టి, అద్దెకు ఎవరూ రావడం లేదంటే, మేం సంతోషంగా చేరి మూడేళ్ళు ఉన్నాం. ఆ మూడేళ్ళలో మమ్మల్ని పీడించినవి దోమలే.

తెనాలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అప్పట్లో పెళ్ళిళ్ళ సీజనులో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు కూడా వాయించేవాణ్ణి. రెండూ లెక్క తప్పితే ఒప్పుకోని పనులే. కాబట్టి నేను చెప్పబోయే దానిలో అంకెలు కొంచెం ఎక్కువగా ఉంటాయి. నాకు పట్టుకోవడానికి అవి తప్ప ఇంకేం లేవు.

రెండువేల ఆరు ప్రాంతంలో జరిగింది ఇది. మా పెదనాన్న రేపల్లెలో ఉండేవారు. పొలం పెనుమూడిలో, పేరు మాత్రం పద్యనాటకాల్లో. నలభై ఏళ్ళు రాజు వేషాలు వేశారు. మా వైపు పద్యం నచ్చితే జనం చప్పట్లతో ఊరుకోరు. "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే నటుడు మళ్ళీ పాడి తీరాలి. కథలో చచ్చిపడిన రాజైనా సరే, లేచి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడిపోవాలి.

చదువుకునే రోజుల్లో నాకిది మహా ఎబ్బెట్టుగా ఉండేది. చచ్చినవాడు లేవడమేంటి, కథ ఏమైపోవాలి అని వాదించేవాణ్ణి. పెదనాన్న నాటకాలు ముందు వరుసలో కూర్చుని చూశాను గానీ, ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆయన దాన్ని గుర్తుపెట్టుకుని అందరి ముందూ ఏడిపించేవారు. "ఊరంతా అడిగార్రా, మా ఇంట్లోవాడు మాత్రం అడగలా" అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వులో కొంచెం నొప్పి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడాది ఆయన గొంతులో ఏదో పెరిగింది. గుంటూరులో చూపిస్తే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట ఉండదు. గురువారం ఆపరేషన్ అని రాసిచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన గొంతును ఎవరూ సరిగ్గా రికార్డు చేయలేదు. ఉన్న ఒకటి రెండు క్యాసెట్లలో పద్యం కంటే జనం గోలే ఎక్కువ. చేతిలో నాలుగైదు రోజులే ఉన్నాయి. ఆ పని నేను చేస్తానన్నాను.

నా దగ్గర చిన్న పెట్టె ఒకటుండేది. గిటారుకు రకరకాల ధ్వనులు తెచ్చే ఎఫెక్ట్స్, రికార్డరు రెండూ అందులోనే. అరచేతిలో పడుతుంది, లోపలే మైకు. చెన్నైలో ఒక మిత్రుడి దగ్గర పాతది కొన్నాను. కార్డు మాత్రం అతను ఇవ్వలేదు. ఎఫెక్ట్స్ కోసం వాడుకోవడానికి కార్డు అక్కర్లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

తీరా అవసరం పడ్డాక తెనాలి షాపులన్నీ తిరిగితే, అందరి దగ్గరా సెల్‌ఫోన్లో పెట్టే గోరంత కార్డులే. ఈ పెట్టెకు కావలసింది పాత రకం. అగ్గిపెట్టె కంటే కాస్త వెడల్పు, అట్టముక్కంత పలుచన, ఒక పక్క బంగారు రంగు రేకు. అలాంటివి తొలి డిజిటల్ కెమెరాల్లో వాడేవారని ఒకాయన చెప్పి, బాపట్లలో ఒక ఫోటో స్టూడియోకు పంపాడు.

ఆదివారం వెళ్ళాను. స్టూడియో ఆయన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి కౌంటర్ మీద బోర్లించాడు. పనికొచ్చేవి రెండు తేలాయి. ఒకటి నూట ఇరవై ఎనిమిది ఎంబీ, నా పెట్టె ఒప్పుకునే వాటిలో అదే పెద్దది. దాని రేకు మీద సన్నటి గీత ఉంది. రెండోది ముప్ఫై రెండు ఎంబీ, కొత్తదానిలా మెరుస్తోంది.

"పెద్దది తీసుకోకండి మాస్టారూ. అది సగం పెళ్ళి ఫోటోలు మింగేసిందండి. పెళ్ళివారు నన్ను కొట్టడం ఒక్కటే తక్కువ" అన్నాడు.

అక్కడే నిలబడి లెక్క వేశాను. ముప్ఫై రెండులో తక్కువ నాణ్యతతో అయితే అరగంట పడుతుంది, మంచి నాణ్యతతో పదహారు నిమిషాలు. పెదనాన్న గొంతును తక్కువ నాణ్యతలో పెట్టడానికి మనసొప్పలేదు. నాలుగు పద్యాలు చాలు, పదహారు నిమిషాలు సరిపోతాయి అనుకున్నాను. చిన్న కార్డు తీసుకున్నాను. ఈ కథలో తప్పు ఎక్కడ జరిగిందని నన్నడిగితే ఆ కౌంటర్ దగ్గరేనంటాను.

ఇంటికొచ్చి కార్డును పెట్టెలోనే ఫార్మాట్ చేశాను. అలా చేస్తే అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూశాను.

సోమవారం పొద్దున్నే రేపల్లె వెళ్ళాను. ముందు గదిలో తలుపులు మూసి, ఫ్యాను ఆపి, పెట్టెను స్టూలు మీద పెట్టాను. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుంది. ఆయన గొంతు బొంగురుపోయింది గానీ శృతి ఎక్కడికీ పోలేదు. మూడు పద్యాలు పాడేసరికి పది నిమిషాలు దాటింది. నాలుగోది ఆయనకు పేరు తెచ్చిన పద్యం. అదేదో ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు నా ఎదురుగా పాడతారు, నేను తట్టుకోలేను.

చివరి పాదం దగ్గర రాగం ఎత్తుకుని పైకి వెళ్ళేసరికి గొంతు చీలిపోయింది. దగ్గు తెర ముంచుకొచ్చింది. నేను రికార్డింగు ఆపాను. పదిహేను నిమిషాల ఇరవై సెకన్లు. ఇంకా నలభై సెకన్ల చోటు ఉందని చూపించింది.

ఆయన మంచినీళ్ళు తాగి, "మళ్ళీ పాడతాన్రా, ఇది ఇట్టా ఉండకూడదు" అన్నారు.

"చోటు లేదు పెదనాన్నా" అన్నాను.

"ముందుది ఒకటి చెరిపెయ్."

ఆ మూడూ బాగా వచ్చాయి. చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. "రేపు పెద్ద కార్డు తెస్తాను, తీరిగ్గా పాడుదురుగాని. గురువారం దాకా టైముందిగా" అన్నాను. ఆయన సరేనని తలూపి పడుకున్నారు. తిరుగు రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్నాను. చీలిన గొంతు, దగ్గు, ఆపైన ఏమీ లేదు. ఇది ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

మంగళవారం క్లాసులు అయ్యాక బాపట్ల వెళ్ళి ఆ గీత పడిన పెద్ద కార్డే తెచ్చాను. అక్కడే పెట్టెలో పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. అక్కణ్ణుంచి బస్సెక్కి రేపల్లె చేరేసరికి పొద్దుగూకుతోంది. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ బయటికి వచ్చి, "మీకు తెలీదా బాబూ? డాక్టరుగారు ఊరెళ్తన్నారంట, ఆపరేషన్ రేపే పెట్టేశారంట. మధ్యాన్నమే ఎల్లిపోయారు" అంది.

జేబులో పెద్ద కార్డు పెట్టుకుని ఆ తాళం ముందు కాసేపు నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన చివరిసారి పాడతానంటే చోటు లేదన్న మనిషిని నేను.

బుధవారం మొదటి రైలుకే గుంటూరు వెళ్ళాను. ఆయన్ను పడుకోబెట్టక ముందు ఏ వరండాలోనో పాడిస్తే చాలనే పిచ్చి ఆశతో పెట్టెను కూడా తీసుకెళ్ళాను. అప్పటికే ఆయన్ను లోపలికి తీసుకెళ్ళిపోయారు. పెద్దమ్మ కారిడార్లో బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

కూర్చోలేక, కొంతసేపటికి పెట్టె తీసి చిన్న కార్డు పెట్టాను. ఆ కార్డు రెండు రోజులూ నా చొక్కా జేబులోనే ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాలుగో పద్యం నుంచి విన్నాను. గొంతు చీలింది. దగ్గు వచ్చింది. ఆపేద్దామని బటన్ మీద వేలు పెట్టాను. పెట్టె తెర మీద అంకెలు మాత్రం అక్కడ ఆగకుండా నడిచాయి. పదిహేను ఇరవై దాటింది, పదిహేను నలభై దాటింది. చెవుల్లో నిశ్శబ్దం.

సరిగ్గా పదహారు నిమిషాల దగ్గర ఎవరో "వన్స్ మోర్" అన్నారు.

అది నా గొంతు. రోజూ రెండు వందల మంది పిల్లలకు వినిపించే గొంతు, ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో వందసార్లు విన్న గొంతు. పొరపడే అవకాశం లేదు. నేను జన్మలో ఆ మాట అనలేదు.

తర్వాత పెదనాన్న ఎత్తుకున్నారు. బొంగురు లేదు. నా చిన్నప్పుడు నాటకాల పాకల్లో, తిరునాళ్ళలో విన్న గొంతది. చివరి పాదంలో రాగం పైకి వెళ్ళింది, అక్కడ నిలబడింది, ఎక్కడా చీలకుండా దిగివచ్చింది. అంకెలు ఇరవై నిమిషాల నలభై సెకన్ల దగ్గర ఆగాయి. పదహారు నిమిషాల కార్డు అది. ఎదురు గోడమీది గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

నాకు పిచ్చెక్కిందేమోనని పెద్దమ్మ చెవిలో పెట్టి మళ్ళీ వినిపించాను. ఆవిడ సగంలో కళ్ళజోడు తీసేసింది. "ఇది మొన్న పాడలేదుగా నాన్నా" అంది. ఆ తర్వాత ఆపరేషన్ గది తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ టైముకు లోపల ఏం జరిగిందని డాక్టరుగార్ని అడగాలనుకున్నాను. ఆయన బయటికొచ్చి బాగానే అయిందని చెప్పినప్పుడు దండం పెట్టి వచ్చేశాను.

మర్నాడు కార్డును కంప్యూటర్లో పెట్టి చూశాను. పదిహేను నిమిషాల ఇరవై సెకన్లే ఉంది. దగ్గుతో ఆఖరు. మళ్ళీ పెట్టెలో పెడితే ఇరవై నలభై. రెండూ కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

నెల తర్వాత పెదనాన్న ఇంట్లో లేచి కూర్చుంటున్నారని తెలిసి వెళ్ళాను. మెడకు గుడ్డ, ఒళ్ళో పలక, బలపం. ఏమవుతుందోనని భయపడుతూనే ఇయర్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. గొంతు చీలిన చోట కళ్ళు మూసుకున్నారు. తర్వాత కాసేపటికి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. స్టేజీ మీద రాగం నిలిపేటప్పుడు అలాగే ఎత్తేవారు. అయ్యాక చెయ్యి దించి నా వంక చూశారు. ఆయనేం ఆశ్చర్యపోలేదు.

"పెదనాన్నా, ఆ రోజు మీరు రెండోసారి పాడలేదు. నేనూ ఆ మాట అనలేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఆయన పలక మీద రాశారు: "ఆ రోజు కాదు." అరచేత్తో తుడిచి మళ్ళీ రాశారు: "లోపల. నువ్వు అడిగావుగా."

నా భుజం తట్టి, పలక పక్కన పెట్టేశారు.

ఆ తర్వాత ఆయన మూడేళ్ళు బతికారు. ఆయన పోయిన ఏడాదే ఆ పెట్టె కూడా వెలగడం మానేసింది. బాగుచేసేవాళ్ళు ఆ పార్టు ఇక దొరకదన్నారు. కార్డు నా బీరువాలో ఉంది. కంప్యూటర్ చెప్పే లెక్క నాకు తెలుసు; పెట్టె లెక్కలో అందులో ఇప్పుడు ఎన్ని నిమిషాలున్నాయో చూసే దారి లేదు. కార్డు పాడయిందనీ, పెట్టెలో లోపమనీ, బాధలో ఇద్దరం భ్రమపడ్డామనీ నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. పిల్లలెవరైనా ఆ జవాబులు రాస్తే నేను మార్కులు వెయ్యను.

ఇప్పటికీ ఎక్కడ పద్యనాటకం ఉందన్నా వెళ్తాను. మంచి పద్యం పడి, జనం వన్స్ మోర్ అని లేచేసరికి మాత్రం లేచి బయటికి వచ్చేస్తాను. నా గొంతు ఆ మాట ఒకసారి నాకు తెలియకుండానే అంది. తెలిసి అంటే ఎవరు లేచి పాడతారో నాకు తెలియదు.